ఇరవై ఎనిమిది డిగ్రీల అబద్ధం

పెళ్ళానికి జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి "ఏం లేదు, పడుకో" అనే మనిషి, చేపలకు మాత్రం మూడు థర్మామీటర్లు కొన్నాడట. ఈ మాట పక్కింటి కౌసల్య అన్నదని, ఆ ఇంట్లో అంట్లు తోమే బక్కమ్మ చెప్పింది. బక్కమ్మ చెప్పింది కూడా పెద్దరాములుకు కాదు, వీధి మొగలో ఇస్త్రీ బండి పెట్టుకున్నాయనకు. ఆయన దగ్గర నుంచి పెద్దరాములు చెవిన పడేసరికి మూడు థర్మామీటర్లు కాస్తా అయిదయ్యాయి.

ముప్పై మూడేళ్ళు పోలీసు నౌకరీ చేసి హెడ్ కానిస్టేబులుగా దిగిపోయిన పెద్దరాములుకు ఇలాంటి మాటల సంగతి తెలుసు. అంకెలు పెరుగుతాయి, పేర్లు మారుతాయి. కానీ ఎంత ఊక ఉన్నా అడుగున ఒక గింజ ఉంటుంది, ఓపిగ్గా చెరుక్కోవాలి. ఆయనకు దొరికిన గింజ థర్మామీటర్లు కావు. ఇస్త్రీ పెట్టె కింద నుంచి చొక్కా తీస్తూ ఆ బండాయన తేలిగ్గా జారవిడిచిన ముక్క.

"మంగళారం కౌసల్యమ్మ కుక్కరు మూడో కూత పెడ్తుంటె పక్కింట్ల ఏందో దబ్బున పడ్డదట."

మంగళవారమే ఆ పక్కింట్లో సూర్యప్రకాశరావు చచ్చిపోయాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. సర్కారు ఫ్యాక్టరీలో మీటర్లూ థర్మామీటర్లూ సరిచూసే విభాగంలో పని చేసి రిటైరై, పటాన్‌చెరు పక్కన కాలనీలో ఇల్లు కట్టుకుని చేపలు పెంచుకునేవాడు. చేపల తొట్టి కింద ఇనుప స్టాండు ఉంది. దాని మూల తలకు తగిలి పోయాడు. దానంతట అది తగల్లేదు. ఛాతీ మీద రెండు అరచేతుల కమిలిన గుర్తులున్నాయి. ప్రాణం పోయింది పదకొండుకూ నాలుక్కూ మధ్య అని డాక్టరు రాశాడు.

వారానికోసారి వచ్చి తొట్టిలో నీళ్ళు మార్చే చిట్కుల్ ఊరి మొగులయ్య ఆ రోజు మధ్యాహ్నం మూడు ముప్పై రెండుకు ఇంట్లోకి పోవడం, మూడు నలభైకి చెప్పులు కూడా తొడుక్కోకుండా ఉరకడం వీధి కెమెరాలో పడింది. గురువారం పొద్దున అతన్ని స్టేషనుకు తీసుకుపోయారు. శుక్రవారం పదింటికి కోర్టు. మొగులయ్య భార్య మల్లమ్మ వచ్చి కాళ్ళ మీద పడ్డంత పని చేస్తే, వకీలు సత్యశ్రీ కేసు ఒప్పుకుని పెద్దరాములును పిలిపించింది. "రేపు తొమ్మిదింటికల్లా నా చేతిలో ఒక్క కాగితం పెట్టండి. అతను కాదనడానికి ఒక్కటి. అది లేకపోతే నేను లేచి నిలబడ్డా కూర్చున్నా ఒకటే" అంది.

ఇప్పుడు గురువారం మధ్యాహ్నం రెండున్నర.

కౌసల్య గేటు సగమే తీసింది.

"నేనన్నానని ఎక్కడా రాయకండి. మా ఆయన తిడతారు."

"రాయనమ్మా. మీ కుక్కరు సంగతి చెప్పున్రి, చాలు."

"ఏముందండీ, పప్పు పెట్టాను. మూడో కూతకి గోడ అవతల దభీమని చప్పుడు. రావుగారు మళ్ళీ బకెట్ పడేసుకున్నారు అనుకున్నా."

"టైమెంతయింది?"

"పదకొండున్నరకి మా ఆయన క్యారేజీ పట్టుకెళ్ళే మనిషి వస్తాడు. ఆ రోజు పప్పు ఉడకలేదు. అతను గుమ్మంలో నుంచుని, 'పది నిమిషాలైందమ్మా, నాకు ఇంకా తొమ్మిది ఇళ్ళున్నాయి' అని సణుగుతున్నాడు. అప్పుడు."

"పదకొండూ నలభై. పోలీసులకు చెప్పలేదా?"

"చెప్పకేం! ఆ ఇన్‌స్పెక్టరు నవ్వాడు. 'పదకొండూ నలభైకి పడిపోయిన మనిషి రెండింటికి లేచి పుస్తకంలో రాసుకున్నాడా? వెళ్ళి వంట చూసుకోండమ్మా' అన్నాడు." కౌసల్య ముఖం ఇంకా ఎర్రగానే ఉంది. "ఆ పప్పు మాడిపోయింది కూడా ఆ రోజు."

ఆ పుస్తకం ఏమిటో పెద్దరాములుకు తెలుసు. పోలీసులు తీసుకుపోయిన నోటుబుక్కు. అందులోని మంగళవారం పేజీ ఫొటో సత్యశ్రీ ద్వారా ఆయన ఫోనులోకి వచ్చింది. తొట్టి నీళ్ళ వేడి రెండు గంటలకోసారి రాసి ఉంది. ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, రెండు. నాలుగు గంటల గడి ఖాళీ. కాబట్టి రెండింటి దాకా బతికి ఉన్నాడు, నాలుగింటికి లేడు. మూడున్నరకు లోపలికి పోయినవాడు మొగులయ్య. చంటిపిల్లాడైనా కూడుకోగల లెక్క.

రావుగారి ఇంటి తలుపు ఆయన భార్య కనకమహాలక్ష్మి తీసింది. గది చూడాలంటే అడ్డు చెప్పలేదు.

"సీలు వేస్తామన్నారండీ. చేపలు చస్తాయని బతిమాలితే వదిలేశారు. మనిషి ఎలాగూ పోయాడు, వాటినెందుకు చంపడం?"

రెండున్నర అడుగుల తొట్టి, వంద లీటర్ల నీళ్ళు. లోపల నాలుగు చేపలు, అప్పడాల్లా గుండ్రంగా, చదునుగా. డిస్కస్ అంటారట. వాటికి ఏడాది పొడుగునా ఇరవై తొమ్మిది డిగ్రీల నీళ్ళు కావాలి. జనవరి చలికి ఆ గది పగలు కూడా ఇరవై రెండు దాటదు. అందుకని తొట్టిలో హీటరు. హీటరు తీగ వెళ్ళి కింద ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉంటుంది. మంగళవారం పెనుగులాటలో ఆ బోర్డు గోడ నుంచి ఊడివచ్చింది.

ఇన్‌స్పెక్టర్ మురళీమోహన్ కేసు ఈ హీటరు మీదే నిలబడి ఉంది. హీటరు ఆగాక నీళ్ళు చల్లబడతాయి. సాయంత్రం అయిదూ పదికి పంచనామాలో కానిస్టేబులు "నీళ్ళు 28 డిగ్రీలు" అని రాశాడు. ఒక్క డిగ్రీ పడటానికి గంటన్నర పడుతుందని చేపల షాపువాడి దగ్గర వాంగ్మూలం తీసుకున్నారు. అయిదూ పది నుంచి గంటన్నర వెనక్కి వెళితే మూడూ నలభై. మొగులయ్య చెప్పులు లేకుండా ఉరికిన నిమిషం. గొళ్ళెంలో గడియ పడ్డట్టు పడింది.

పెద్దరాములు మోకాళ్ళ మీద కూర్చుని తొట్టి చుట్టూ చూశాడు. కౌసల్య అబద్ధం చెప్పలేదు. మూడే ఉన్నాయి థర్మామీటర్లు.

"ఒక తొట్టికి మూడెందుకమ్మా?"

కనకమహాలక్ష్మి కుర్చీలో కూలబడింది. ఎవరూ అడగని సంగతి ఒకరు అడిగారన్నట్టు మొదలుపెట్టింది.

"చలి మొదట్లో ఒక చేప పోయిందండీ. మంచి థర్మామీటరు కావాలని షాపుకెళ్ళారు. వాడు ఇదిగో, ఈ అద్దానికి అంటించే పట్టీ ఇచ్చాడు. ఏ అంకె దగ్గర రంగు వెలిగితే అది వేడి. చూడండి సార్, గుమ్మంలోంచే చదవొచ్చు అన్నాడు. ఈయనకి కళ్ళలో శుక్లాలు. సంబరంగా తెచ్చుకున్నారు. నాలుగు రోజులు చూసి, 'ఇది నీళ్ళ జ్వరం చెప్పట్లేదే, అద్దం జ్వరం చెబుతోంది' అన్నారు. దీని వీపు నీళ్ళ వైపు, ముఖం గది వైపు కదా. రెండు వైపులా మాట వింటుందట."

"మరి పీకెయ్యలేదా?"

"గట్టిగా అంటుకుంది, రాలేదు. తరువాత ఈ గాజుది. లోటాలో ఐసు ముక్కలు దంచి, నీళ్ళు పోసి, అందులో నిలబెట్టారు. సున్నా చూపించాలట. భూతద్దం పెట్టి చూస్తే ఇది సున్నా పాయింటు ఆరు చూపించింది. మార్చుకురండి అన్నాను. 'ఎందుకే? ఎంత అబద్ధం చెబుతుందో తెలిసిపోయింది. తెలిసిన అబద్ధంతో కాపురం చెయ్యొచ్చు' అన్నారు."

గాజు థర్మామీటరు మెడకు దారంతో చిన్న అట్టముక్క కట్టి ఉంది. దాని మీద ముత్యాల్లాంటి అంకెలు: మైనస్ 0.6.

"ఫ్యాక్టరీలో ప్రతి మీటరుకూ ఇలాగే చీటీ కట్టేవారట. కనబడిందాంట్లోంచి ఆ సున్నా పాయింటు ఆరు తీసేసి పుస్తకంలో రాయాలి. దీని గీతలు అర డిగ్రీకొకటి. గీత మీద ఉన్నదే చదివేవారు. రెండు గీతల మధ్య ఊహించి రాయడం దొంగతనం అనేవారు."

"మూడోది?"

ఆవిడ స్టాండు కింద చిన్న అల్మరా తలుపు తీసింది. లోపల చీకట్లో అరచేతి వెడల్పు డిజిటల్ డబ్బా. అంగుళం ఎత్తు అంకెలు. దాని సన్నని తీగ వెనక నుంచి పైకి పోయి నీళ్ళలో మునిగి ఉంది.

"గింత సక్కగ కనపడే దాన్ని అల్మరాల దాచుడేందమ్మా?"

"ఎదురుగా ఉంటే గాజుది చదివేటప్పుడు కన్ను దాని మీదకే పోతుందట. ముందు గాజుది చూసి రాసుకుని, అప్పుడు ఈ తలుపు తీసి సరిచూసుకునేవారు. ఇద్దరు సాక్షుల్ని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టకూడదు అనేవారు."

తన పాత స్టేషనులో ఎంతమంది సాక్షుల్ని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి, ఒకే చాయ తాగించి, ఒకే మాట చెప్పించారో పెద్దరాములుకు గుర్తొచ్చింది.

"దీని మీది మీట ఎందుకమ్మా?"

"రోజు మొత్తంలో అతి తక్కువ ఎంత, అతి ఎక్కువ ఎంత అని దాచిపెడుతుందండీ. పొద్దున్నే ఆరింటికి చెరిపేసి కొత్తగా మొదలెట్టేవారు. మంగళవారం కూడా చెరిపారు, నేను కాఫీ ఇస్తుంటే."

"ఆ తర్వాత ఎవరన్న ముట్టిండ్రా?"

"నాకా మీటలు తెలీవు. పోలీసులు ఈ తలుపే తియ్యలేదు."

ఫోనులో వీడియో పెట్టి, బొటనవేలి గోరుతో మీట నొక్కాడు పెద్దరాములు. అతి తక్కువ: 25.9.

ఇంకోసారి నొక్కాడు. 25.9.

"అమ్మా, ఊడిన ప్లగ్గు మళ్ళ ఎవరు పెట్టిన్రు?"

"నేనే. మా చెల్లెలింటి నుంచి నాలుగూ యాభైకి వచ్చాను. అయిదింటికి పోలీసులొచ్చారు. ఫొటోలు తీసుకున్నాక, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే చూడలేక, అడిగి పెట్టాను. అయిదూ ఇరవై అయిదు. కానిస్టేబులు రాసుకున్నాడు కూడా."

అయిదూ పదికి ఇరవై ఎనిమిది, అయిదూ ఇరవై అయిదుకి ఇరవై అయిదు పాయింటు తొమ్మిది. వంద లీటర్ల నీళ్ళు పదిహేను నిమిషాల్లో రెండు డిగ్రీలు పడిపోవాలంటే మంచుగడ్డ తెచ్చి వెయ్యాలి. రెండిట్లో ఒకటి అబద్ధం. తొట్టి అద్దానికి పడమటి కిటికీ వైపు అంటుకుని ఉన్న పట్టీని చూశాడు. తరువాత కిటికీని చూశాడు. ఎండ అప్పుడే గది అంచు తాకుతోంది.

"పాత నోటుబుక్కులేమన్న ఉన్నయా?"

ఉన్నాయి. డిసెంబరు పుస్తకం తిప్పుతుంటే ఒక చోట "కరెంటు పోయింది, ఒంటిగంట నుంచి నాలుగు. డిజిటల్‌లో నీళ్ళు పడ్డది 1.9" అని దొరికింది. మూడు గంటలకు దాదాపు రెండు డిగ్రీలు. నీళ్ళు చల్లబడే కొద్దీ పడటం మందగిస్తుంది. మూడు డిగ్రీలు పడాలంటే అయిదున్నర గంటలకు పైమాటే. అయిదూ ఇరవై అయిదు నుంచి వెనక్కి నడిస్తే పన్నెండుకు పది పదిహేను నిమిషాలు ముందు. కౌసల్య కుక్కరు మూడో కూత.

మొగులయ్య అప్పుడు మందుల కంపెనీ డ్యూటీలో ఉన్నాడు! పొద్దున మల్లమ్మ ఏడుస్తూ చెప్పిన మొదటి మాటే అది. "పొద్దుగాల ఆరింటి షిఫ్టుకు పోయి, రెండింటికి దిగి, తిని, గటే సారింటికి పోయిండన్నా." మూడున్నరకు చావు అని తేల్చేశాక పొద్దుటి షిఫ్టు సంగతి ఎవరికీ పట్టలేదు. తనకూ పట్టలేదు.

మరి రెండింటి రాత? ఆయన డిసెంబరు పేజీలు ఒక్కొక్కటే వేలు పెట్టి చదివాడు. 28.9, 28.4, 28.9, 29.4, 28.9. ప్రతి అంకె తోకా నాలుగో, తొమ్మిదో. అర డిగ్రీ గీతల్లోంచి సున్నా పాయింటు ఆరు తీసేస్తే ఇంకేం వస్తుంది! ఫోనులో మంగళవారం పేజీ తెరిచి పెద్దది చేశాడు. ఆరు, 28.9. ఎనిమిది, 28.4. పది, 28.9. పన్నెండు, 29.0. రెండు, 29.0.

రావు చేతి నుంచి సున్నా తోక రాదు. ఆ చివరి రెండూ ఇంకెవరో రాశారు. ఆ రాసినవాడికి పుస్తకం రోజూ రాస్తారని తెలుసు, నీళ్ళు ఇరవై తొమ్మిది ఉండాలని తెలుసు. దారానికి కట్టిన అట్టముక్క సంగతి తెలియదు.

పెద్దరాములు ముఖం కడుక్కున్నాడు. పొద్దుటి నుంచి మొదటిసారి ఆకలేసింది.

నాలుగూ యాభైకి జీపు ఆగింది. కబురు ఎవరు పెట్టారో గాని మురళీమోహన్ బూట్లతోనే లోపలికి వచ్చాడు. పదకొండేళ్ళ కిందట ఎస్సైగా ఉన్నప్పుడు పెద్దరాములే అతనికి పంచనామా ఎలా రాయాలో నేర్పాడు. ఆ సంగతి ఇద్దరూ మరిచిపోలేదు, అందుకే ఇద్దరికీ పడదు.

"ఏం హెడ్డుగారూ, రిటైరయ్యాక చేపల డాక్టరయ్యారా?"

"గిట్ల కూసోన్రి సార్. ఇరవై నిమిషాల పని."

"నాకు ఇరవై నిమిషాలు లేవు."

"ఒక మనిషిని జీవితకాలం కూసోబెట్టనీకి తిరుగుతున్నరు. మీరు ఇరవై నిమిషాలు కూసోలేరా?"

మురళీమోహన్ కూర్చోలేదు. కానీ వెళ్ళనూ లేదు.

ఎండ కిటికీ ఊచల మధ్య నుంచి పాకి తొట్టి అద్దం మీదకు ఎక్కింది. పట్టీ మీద ఇరవై తొమ్మిది దగ్గర ఉన్న పచ్చరంగు చూస్తుండగానే ముప్పైకి జరిగింది. అయిదూ పదికి ముప్పై ఒకటి దగ్గర వెలిగింది. పెద్దరాములు అల్మరా తలుపు తీశాడు. డిజిటల్ అంకెలు 29.0 దగ్గరే నిలబడి ఉన్నాయి.

"ఏలు పెట్టి సూడున్రి సార్ నీళ్ళల్ల. మీ కానిస్టేబులు గుమ్మంల నిలబడి దూరంకెల్లి చదివిండు. అల్కగ కనపడ్డది రాసిండు. మంగళారం గూడ గిదే ఎండ, గిదే టైము."

మురళీమోహన్ చొక్కా చెయ్యి మడిచి నిజంగానే నీళ్ళలో వేళ్ళు పెట్టాడు. చేపలు మూలకు పారిపోయాయి. పెద్దరాములు 25.9 వీడియో చూపించాడు. డిసెంబరు పేజీ, మంగళవారం పేజీ పక్కపక్కన పెట్టాడు. అన్నీ చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఇన్‌స్పెక్టరు ఒక్కసారి కూడా మధ్యలో అడ్డురాలేదు. అది పెద్దరాములుకు బాగా అనిపించలేదు. ఓడిపోయేవాడు అడ్డొస్తాడు.

"అయిందా?"

"అయింది సార్."

"సరే. పదకొండూ నలభై. నువ్వే గెలిచావు." మురళీమోహన్ జేబురుమాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "అప్పుడు మొగులయ్య ఎక్కడున్నాడు?"

"డ్యూటీల. మందుల కంపెనీ, ఆరు నుంచి రెండు."

"అలా అని ఎవరు చెప్పారు?"

"ఆయన పెండ్లాం."

మురళీమోహన్ ఫైలు తెరిచి ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. "అతనేం చెప్పాడో చదువు. పొద్దున్నుంచీ ఇంట్లో పడుకున్నాను, ఏ డ్యూటీకీ పోలేదు. నాలుగుసార్లు అడిగాను హెడ్డుగారూ. నాలుగుసార్లూ ఇంట్లోనే అన్నాడు."

కాగితం అడుగున నీలం వేలిముద్ర.

"మూడున్నర అయితే నాకు ఎనిమిది నిమిషాలే ఉండేవి. కోర్టులో వకీలు పీకి పందిరేసేది. ఇప్పుడు నువ్వు పొద్దంతా ఇచ్చావు. పదకొండూ నలభైకి వచ్చాడు, చంపాడు, పుస్తకంలో దొంగరాతలు రాశాడు, ఏదో మరిచిపోయి మూడున్నరకు మళ్ళీ వచ్చాడు."

"పొద్దటి కెమెరా తీయున్రి. పదకొండూ నలభైకి ఎవరొచ్చిండ్రో కనపడ్తది."

"అది ఒక్క రోజే దాచుకుంటుంది. రెండు తర్వాత ముక్క కోసుకున్నాం. మిగతాది చెరిగిపోయింది."

"కోసుకున్నది మీరే గదా సార్."

"అవును, నేనే. నా మీద కంప్లయింటు రాసుకో."

పెద్దరాములు వేలిముద్ర మీద వేలు పెట్టాడు. "ఇగ ఇది చెప్పున్రి. నిశాని ఏసే మనిషి ఇరవై తొమ్మిది పాయింటు సున్నా అని ఇంగ్లీషు అంకెలు ఎట్ల రాసిండు?"

ఆ మాట అంటున్నప్పుడే, అనకుండా ఉండాల్సింది అనిపించింది. మురళీమోహన్ కళ్ళు చిన్నవయ్యాయి. తరువాత మెల్లగా నవ్వు వచ్చింది.

"నిజమే. రాయలేడు. అయితే రాసినవాడు ఇంకొకడున్నాడు. మొగులయ్య ఎవరి కోసం ఇంట్లో పడుకున్నానంటున్నాడో, వాడు." ఫైలు మూశాడు. "నేను ఒక్కడితో సరిపెట్టుకుందామనుకున్నా. రెండోవాడిని నువ్వు పట్టిచ్చావు. రేపు పదింటి లోపల డ్యూటీ రికార్డు తెస్తే తే. తేకపోతే ఎల్లుండి నుంచి మొగులయ్య ఇంట్లో రాతొచ్చినవాళ్ళందరినీ వరసగా పిలుస్తా."

జీపు పోయింది. కనకమహాలక్ష్మి పట్టీ మీద పడుతున్న ఎండకు అడ్డంగా తువ్వాలు కట్టింది. "ఆయన కూడా రోజూ ఇలాగే కట్టేవారు" అంది ఎవరితోనో అన్నట్టు.

పెద్దరాములు వరండాలోకి వచ్చి మందుల కంపెనీ గేటు దగ్గర పనిచేసే సెక్యూరిటీ ఆయనకు ఫోను చేశాడు. కంది గ్రామం మనిషి, తన ఊరివాడే. అడిగిన పని అయిదు నిమిషాల్లో చేశాడు.

"కాంట్రాక్టు లేబర్ల మొగులయ్య అనెటోడు లేడన్నా. పాత లిస్టు గూడ సూసిన."

"చిట్కుల్‌ది. మంచిగ యాది చేసుకో."

"చిట్కుల్‌ది ఒక్కడే ఉన్నడు. సాయికిరణ్ అని. మంగళారం పొద్దుగాల అయిదూ యాభై అయిదుకు కార్డు గీకిండు, రెండూ నాలుగుకు పోయిండు. మధ్యల గేటు దాటలే."

పెద్దరాములు ఫోను జేబులో వేసుకుని గేటు వైపు నడిచాడు.

గేటు బయట కాలువ గట్టు మీద మల్లమ్మ కూర్చుని ఉంది. నాలుగింటి నుంచీ అక్కడే. ఒళ్ళో మూటగట్టిన టిఫిను డబ్బా. స్టేషనులో మొగులయ్యకు ఇవ్వనియ్యలేదు. పెద్దరాములు వచ్చి పక్కనే కూర్చున్నాడు. రోడ్డు మీద కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.

"ఏమన్న దొరికిందా అన్నా?"

"దొరికింది. మొగులయ్య కాదని దొరికింది. అప్పుడు ఆయన కంపెనీల ఉన్నడని ఒక్క కాయితం కావాలె. ఇగ నువ్వు చెప్పు మల్లమ్మా. కంపెనీల ఆయన పేరెందుకు లేదు?"

ఆమె డబ్బా మూట పక్కన పెట్టింది.

"ఆ కొలువు మా పోరనిదన్నా. సాయికిరణ్‌ది. డిప్లొమా సదివిండని తీసుకున్నరు. ఆ వాసనకు ముక్కులకెల్లి రక్తం కారుతుండె. రెండు నెల్లు చేసి, సస్తె పోనన్నడు. ఈయనకేమో యాభై దాటినయి, ఎవ్వడు తీస్కోడు. గందుకని కార్డు ఈయన మెడలేసుకొని పోతుండు. మొకాలు ఒక్క తీరే ఉంటయి గదా. ఎవరు సూడలే."

"ఎన్ని రోజులకెల్లి?"

"ఏడాదిన్నరాయె."

"పోరడు ఆ రెండు నెల్లు ఏం పని చేసిండు ఆడ?"

"మిషిన్ల కాడ కూసొని కాయితం నింపుతుండె. గంట గంటకు ఎంత వేడుందో రాసుడు. ఖాళీ ఉంచితె సార్లు తిడ్తరని, సూడకుంటనే ముందుగాల్నే రాసి పెడ్తరంట అందరు. నవ్వుకుంట చెప్తుండె."

మంగళవారం పేజీ పెద్దరాములు కళ్ళ ముందుకు వచ్చింది. పన్నెండు, 29.0. రెండు, 29.0. ఖాళీ ఉంచకూడదు.

"రావు సారుకు ఈ కార్డు సంగతి ఎరుకేనా?"

"ఎట్లనో ఎరుకైంది. సోమారం ఈయనను తొవ్వల నిలబెట్టి చెప్పిండంట. 'ఆడ నువ్వు కాలి సచ్చిపోతె కాయితం మీద నీ కొడుకు సచ్చినట్టయితది మొగులయ్యా. దొంగ పేరు మీద పని చెయ్యకు. నువ్వు బందు చెయ్యకుంటె రేపు నేనే పోయి కంపెనీల చెప్త' అని. మంచికే చెప్పిండు. ఈయన రాత్రికి అన్నం తినుకుంట మాకు చెప్పిండు."

"మాకు అంటే?"

ఆమె డబ్బా మూటను మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

పెద్దరాములు చేతిలో ఇప్పుడు కాగితం ఉన్నట్టే. అయిదూ యాభై అయిదు నుంచి రెండూ నాలుగు దాకా కార్డు లెక్క. అది ఉన్నది ఉన్నట్టు చదివితే కంపెనీలో ఉన్నది సాయికిరణ్, బయట ఉన్నది మొగులయ్య. కార్డు మోసిన మెడ తండ్రిదని నిరూపిస్తే మొగులయ్య రేపు పదింటికి ఇంటికి పోతాడు. అదే కాగితం తిరగేసి మురళీమోహన్ పదకొండింటికి సాయికిరణ్ కోసం చిట్కుల్ పోతాడు. స్టేషను లోపల నేల మీద కూర్చుని ఉన్న మనిషి నాలుగుసార్లు "ఇంటికాడ పండుకున్న" అని ఎందుకన్నాడో, చదువు రాని ఆ మనిషి ఆ కాగితాన్ని తనకన్నా ముందే ఎలా చదివేశాడో ఇప్పుడు అర్థమైంది. మంగళవారం రావు గది తలుపు తోసి చూసినప్పుడే అది ఎవరి పనో మొగులయ్యకు తెలిసిపోయి ఉంటుంది. లేకపోతే చెప్పులు వదిలేసి అంత దూరం ఎందుకు ఉరుకుతాడు?

ఫోను మోగింది. సత్యశ్రీ. ఆయన ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది.

"మల్లమ్మా, వకీలమ్మకు ఏం చెప్పాలె? కాయితం ఉందని చెప్పాల్నా, లేదని చెప్పాల్నా? నాకు ఒక్కటి నిజం చెప్పు. మంగళారం పొద్దుగాల పోరడు యాడున్నడు?"

మల్లమ్మ లేచి నిలబడింది. కొంగు బొడ్లో దోపుకుంది.

"ఎవరో ఒగలు పోవుడే అయితె, ముసలోన్నే పోనియ్యన్నా."